ఆటగాడికీ కోచ్‌కీ మధ్య ఉన్న మెట్టు: బెజవాడ బాస్కెట్‌బాల్ కోర్టుల నుంచి ఒక విశ్లేషణ

సంక్షిప్తంగా: పేరున్న మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు కోచ్‌గా మారితే పిల్లలకు ఆట బాగా వస్తుందా? విజయవాడ, గుంటూరు తల్లిదండ్రులకు ఏటా వేసవిలో ఎదురయ్యే ప్రశ్న ఇది. అమెరికా లీగ్ అనుభవాన్ని, మన దగ్గరి ఏర్పాట్లను పక్కపక్కన పెట్టి చూస్తే, ఆడిన స్థాయి కన్నా ఆట మానాక కోచ్ అయ్యేలోపు చేసిన శిష్యరికమే ఎక్కువ తేడా తెస్తోందని కనిపిస్తుంది. మన ఊళ్లలో దొరకనిది కూడా ఆ శిష్యరికమే.

వేసవి ఫ్లెక్సీల వెనక ప్రశ్న

ఏప్రిల్ నెలాఖరులో బడులకు సెలవులిచ్చేసరికి విజయవాడలో స్టేడియం గోడల మీద, అపార్ట్‌మెంట్ గేట్ల పక్కన వేసవి శిబిరాల ఫ్లెక్సీలు వేలాడతాయి. క్రికెట్, షటిల్, స్కేటింగ్, ఈత, వాటి సరసనే బాస్కెట్‌బాల్. దాని కింద పెద్ద అక్షరాల్లో 'నేషనల్స్ ఆడిన కోచ్', 'మాజీ ప్రొఫెషనల్ ప్లేయర్ పర్యవేక్షణలో' అన్న మాటలు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పిల్లల్ని తెల్లవారుజామునే లేపి కోర్టుకు తీసుకెళ్లే తల్లిదండ్రుల చేతిలో ఉన్న కొలబద్ద దాదాపు ఆ ఒక్క మాటే. క్రికెట్ అయితే ఇంట్లో ఎవరో ఒకరికి మంచి చెడు తెలుస్తుంది. బాస్కెట్‌బాల్ విషయంలో ఆ అవకాశం తక్కువ. అందుకే కోచ్ ఎక్కడెక్కడ ఆడాడన్నదే చూస్తారు.

దీని నుంచి రెండు అభిప్రాయాలు పుడతాయి. పెద్ద స్థాయిలో ఆడాడు కాబట్టి బాగా నేర్పుతాడన్నది ఒకటి. ఆయన ఎక్కడా పెద్దగా ఆడలేదట, ఆయనేం నేర్పుతాడన్నది రెండోది. ఆడటం, నేర్పడం ఒకే విద్య అన్న నమ్మకం నుంచే ఈ రెండూ వస్తున్నాయి. అవి ఒకటి కావు. ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లేందుకు దారి ఉంది, కానీ దాని మీద కొంత దూరం నడవాలి.

చేతికొచ్చింది నోటికి రాదు

ఆవకాయ కలిపే అమ్మమ్మను కారం ఎంత వేయాలని అడిగితే గిద్దెల్లోనో గ్రాముల్లోనో చెప్పలేదు. చెయ్యి చూసుకుంటుంది. ఏళ్ల తరబడి చేసిన పని మాటల్లోంచి జారిపోయి ఒంట్లోకి దిగిపోతుంది. ఆటగాడికి జరిగేదీ ఇదే. ఎంత బాగా ఆడితే అంత లోతుగా దిగిపోతుంది. మాటగా బయటికి తీయడం అంత కష్టమవుతుంది.

బాస్కెట్‌బాల్‌లో పిల్లలకు మొదట నేర్పే లేఅప్‌నే, అంటే రింగు దగ్గరికి వచ్చి ఎగిరి వేసే షాట్‌నే తీసుకుందాం. కుడిచేతి వాటం ఉన్నవాళ్లు డ్రిబుల్ చేస్తూ కుడిపక్క నుంచి వచ్చి, బంతిని రెండు చేతుల్లోకి తీసుకుంటూ కుడి అడుగు, ఆ వెంటనే ఎడమ అడుగు వేసి, ఎడమ కాలితో పైకెగిరి, కుడి మోకాలు లేపి, కుడిచేత్తో బంతిని బోర్డు మీది చదరానికి పైన కుడి మూలలో తాకించాలి. పదిహేనేళ్లు ఆడినవాడికి ఇదంతా ఒక్క కదలిక. 'ఇదిగో, ఇలా వేయి' అని చూపిస్తాడు. ఎదురుగా నిలబడ్డ పదేళ్ల పిల్లవాడికి కనపడేది బంతి రింగులో పడటం మాత్రమే, అడుగులు కాదు. తన వంతు వచ్చేసరికి కుడికాలితో ఎగురుతాడు, ఒళ్లు పక్కకు తిరిగిపోతుంది, బంతి బోర్డుకు గట్టిగా తగిలి తిరిగొస్తుంది. 'మళ్లీ చూడు' అని కోచ్ ఇంకోసారి వేసి చూపిస్తాడు, ఈసారి ఇంకాస్త వేగంగా. పిల్లవాడికి మళ్లీ బంతే కనిపిస్తుంది.

నేర్పడం తెలిసినవాడు ఇదే పనిని చివరి నుంచి మొదలుపెడతాడు. పిల్లవాణ్ని రింగు కింద, కాస్త కుడిపక్కన నిలబెట్టి ఎడమ కాలి మీదే నిలబడమంటాడు. కుడి మోకాలికీ కుడి మోచేతికీ ఒకే దారం కట్టినట్టు రెండూ కలిసి లేవాలంటాడు. మొదట బంతి లేకుండా పదిసార్లు. తర్వాత బంతితో, ఉన్నచోటు నుంచే. అది కుదిరాక ఒక అడుగు వెనక్కి, ఇంకా కుదిరాక రెండో అడుగు. పరుగు, డ్రిబుల్ ఆఖర్న వస్తాయి. ఈ వరుస ఏ మ్యాచ్‌లోనూ కనిపించదు కాబట్టి వంద మ్యాచ్‌లు ఆడినా తెలిసే వీలు లేదు. ఇంకొకరు నేర్పుతుండగా పక్కన నిలబడి చూస్తేనో, కోర్సులో కూర్చుంటేనో తెలుస్తుంది.

సామాగ్రి సంగతీ ఇలాంటిదే. పెద్దల ఆటలో రింగు నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది, మగవాళ్లకు 7వ సైజు బంతి, ఆడవాళ్లకు 6వ సైజు. మినీ బాస్కెట్‌బాల్‌లో రింగును 2.60 మీటర్లకు దించి, 5వ సైజు బంతి ఇస్తారు. మన కోర్టుల్లో చాలాచోట్ల స్తంభానికి శాశ్వతంగా బిగించిన ఒకే ఎత్తు రింగు ఉంటుంది. తొమ్మిదేళ్ల పిల్ల ఆ ఎత్తుకు పెద్ద బంతిని చేర్చాలంటే నడుము దగ్గర్నుంచి రెండు చేతులతో విసరాల్సిందే. అలా రెండేళ్లు విసిరాక మోచేయి రింగు వైపు పెట్టి, మణికట్టుతో వదలమంటే ఆ అలవాటు మానడానికి ఇంకో రెండేళ్లు పడుతుంది. తన చిన్నతనంలో తానెలా విసిరేవాడో మాజీ ఆటగాడికి గుర్తుండదు. ఆయనకు గుర్తుండేది కుదిరిపోయిన తన షాటే.

అమెరికాలో రెండు దారులు

మాజీ ప్రొఫెషనల్ కోచ్‌గా మారడం ఎక్కువగా జరిగిందీ, అందరి కళ్ల ముందు జరిగిందీ అమెరికా లీగ్ ఎన్‌బీఏలోనే. అక్కడి అనుభవం ఒక్క మాటలో తేలేది కాదు.

లాస్ ఏంజెలిస్ లేకర్స్‌కు ఆటగాడిగా 5 టైటిళ్లు తెచ్చిన మ్యాజిక్ జాన్సన్ 1994 మార్చిలో, సీజన్ నడుస్తుండగా, అదే జట్టుకు కోచ్ అయ్యాడు. 16 మ్యాచ్‌లు ఆడించాడు. 5 గెలిచి 11 ఓడారు, చివరి 10 వరసగా ఓడినవే. ఆ సీజన్‌తోనే కోచింగ్ వదిలేశాడు. మైదానంలో ఆయన చిరకాల ప్రత్యర్థి లారీ బర్డ్ 1997లో ఇండియానా పేసర్స్‌కు కోచ్‌గా వచ్చాడు. ఆయనకూ అంతకుముందు కోచింగ్ అనుభవం లేదు. తొలి సీజన్లోనే 58 విజయాలు, ఉత్తమ కోచ్ పురస్కారం, 2000లో జట్టు ఫైనల్స్ దాకా వెళ్లింది.

ఇద్దరూ మహామహులే, ఇద్దరూ అనుభవం లేకుండా దిగినవారే. ఫలితాలు ఎందుకింత వేరు? జాన్సన్‌కు దొరికింది సీజన్ తోక, ఓడుతున్న జట్టు. సొంత పద్ధతిలో జట్టును సిద్ధం చేసుకునే వ్యవధే లేదు. బర్డ్‌కు పూర్తి సీజన్ దొరికింది. దాంతోపాటు ఆయన చేసిన ఇంకో పని ఉంది: దాడి వ్యవహారం రిక్ కార్లైల్‌కు, డిఫెన్స్ డిక్ హార్టర్‌కు అప్పగించాడు. ఇద్దరూ అసిస్టెంట్లుగా ఎన్నో ఏళ్లు పనిచేసినవారు. తనకు తెలియని పనిని తెలిసినవాళ్ల చేతిలో పెట్టి, ఆటగాళ్లను నడిపించే పని తాను చూసుకున్నాడు. కార్లైల్ తర్వాత డాలస్ జట్టుకు కోచ్‌గా 2011 టైటిల్ గెలిచాడు. బర్డ్ బెంచి మీద పక్కన కూర్చున్న మనిషి ఎంతటివాడో దాన్నిబట్టి తెలుస్తుంది.

రెండో దారి నెమ్మదిది. న్యూయార్క్ నిక్స్‌కు ఆడిన ఫిల్ జాక్సన్ ఆట మానాక అల్బనీ పట్రూన్స్ అనే చిన్న లీగ్ జట్టుకు, ప్యూర్టోరికో జట్లకు కోచ్‌గా తిరిగాడు. 1987లో షికాగో బుల్స్‌లో అసిస్టెంట్‌గా చేరి, టెక్స్ వింటర్ అనే పెద్దాయన దగ్గర ట్రయాంగిల్ అనే దాడి పద్ధతి నేర్చుకున్నాడు. 1989లో హెడ్ కోచ్ అయ్యాక షికాగోలో 6, లాస్ ఏంజెలిస్‌లో 5, మొత్తం 11 టైటిళ్లు. ఇక ఎరిక్ స్పోల్‌స్ట్రా ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 1995లో మయామి హీట్‌లో వీడియోలు కత్తిరించి పెట్టే ఉద్యోగంలో చేరాడు. 2008లో అదే జట్టుకు హెడ్ కోచ్ అయి 2012, 2013లో టైటిళ్లు గెలిపించాడు. ఆటను తెర మీద ఆపి ఆపి చూసినవాడికి, ఆడినవాడికి కనిపించనివి కనిపించాయి.

ఈ రెండు దారులూ ఒకే మనిషి జీవితంలో కనిపించేది జేసన్ కిడ్ దగ్గర. లీగ్ చరిత్రలోని గొప్ప పాయింట్ గార్డుల్లో, అంటే బంతి తెచ్చి ఆట నడిపించేవాళ్లలో ఒకడు. 2013 జూన్‌లో ఆట మానిన కొద్ది రోజులకే బ్రూక్లిన్ నెట్స్ హెడ్ కోచ్ కుర్చీలో కూర్చున్నాడు. ఆ నవంబరులో లేకర్స్‌తో మ్యాచ్ చివరి ఘడియల్లో ఆయన దగ్గర టైమవుట్లు, అంటే కోచ్ అడిగి ఆట ఆపించుకునే విరామాలు మిగల్లేదు. బెంచి ముందు తన ఆటగాడు ఒకడు వచ్చి తగిలేలా చేసి, చేతిలోని కప్పులో ఉన్న పానీయం కోర్టు మీద ఒలికించాడు. నేల తుడిచేలోపు అసిస్టెంట్లు ఆటగాళ్లతో మాట్లాడేశారు. లీగ్ 50,000 డాలర్ల జరిమానా వేసింది. అనుభవజ్ఞుడైన అసిస్టెంట్ లారెన్స్ ఫ్రాంక్‌ను కూడా ఆ సీజన్లోనే బెంచి మీది నుంచి వేరే పనికి మార్చేశారు. తర్వాత మిల్వాకీలో కొన్నేళ్లు కోచ్‌గా ఉండి, ఆ ఉద్యోగమూ పోయాక, 2019లో లేకర్స్‌లో అసిస్టెంట్‌గా చేరాడు కిడ్. రెండేళ్లు ఇంకొకరి పక్కన కూర్చున్నాడు. 2021లో డాలస్ హెడ్ కోచ్ అయ్యాడు, 2024లో ఆ జట్టు ఫైనల్స్ ఆడింది. ఫలితానికి జట్టులో ఉన్న ఆటగాళ్లూ కారణమే. అయినా పైమెట్టు మీది నుంచి దిగి కిందిమెట్టు మీద కూర్చోవడానికి ఒప్పుకున్నాకే ఆయన కోచింగ్ కుదురుకుందన్నది గమనించాల్సిన విషయం.

నేరుగా వచ్చినవారంతా విఫలమయ్యారనీ చెప్పలేం. స్టీవ్ కెర్ అంతకుముందు కోచింగే చేయకుండా 2014లో గోల్డెన్ స్టేట్‌కు వచ్చి, 2015లోనే టైటిల్ గెలిచాడు, ఆ తర్వాత ఇంకో మూడు. కెర్ ఆటగాడిగా ఎక్కువ కాలం బెంచి మీద నుంచి వచ్చినవాడు. తన కోచ్‌లు ఫిల్ జాక్సన్, గ్రెగ్ పోపోవిచ్‌ల పక్కన కూర్చుని ఆటను చూసిన గంటలు ఆయనకు చాలా ఉన్నాయి. పైగా మొదటి రోజు నుంచే ఆల్విన్ జెంట్రీ, రాన్ ఆడమ్స్ లాంటి పాతకాపులను అసిస్టెంట్లుగా తెచ్చుకున్నాడు. 2024లో ఏ కోచింగ్ అనుభవమూ లేకుండా లేకర్స్‌కు వచ్చిన జేజే రెడిక్ మొదటి సీజన్‌లో 50 మ్యాచ్‌లు గెలిపించాడు. వీళ్ల విషయంలో శిష్యరికం లేకపోలేదు, దాని రూపం మారింది. తాము ఎక్కని మెట్టు ఎక్కివచ్చినవాళ్లను పక్కన ఉంచుకున్నారు.

అరవై సెకన్ల పరీక్ష

ఆటగాడి నుంచి కోచ్‌కు మారినవాడు తడబడేది ఎక్కువగా టైమవుట్‌లో. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఒక జట్టుకు మొదటి అర్ధభాగంలో 2, రెండో అర్ధభాగంలో 3 టైమవుట్లు ఉంటాయి. ఒక్కోటి ఒక నిమిషం. 50 సెకన్లకే హారన్ మోగుతుంది. పిల్లలు వగరుస్తూ బెంచి దగ్గరికి వచ్చి నీళ్లు తాగేసరికి పదో పన్నెండో సెకన్లు పోతాయి. మిగిలిన ముప్పై అయిదు, నలభై సెకన్లలో కోచ్ చెప్పేది అయిదుగురికి ఎక్కాలి.

కొత్తగా వచ్చిన మాజీ ఆటగాడు ఆ కాస్త వ్యవధిలో జరిగిన తప్పులన్నీ ఏకరువు పెడతాడు. ఒకడు బాక్సౌట్ చేయలేదు (రింగు దగ్గర ప్రత్యర్థికి అడ్డు నిలబడలేదు), ఇంకొకడు డిఫెన్స్‌లో తోటివాడికి హెల్ప్‌కు రాలేదు, పాస్ లేటయింది. అన్నీ నిజాలే. ఎందుకంటే ఆయన కళ్లు ఇంకా కోర్టులోనే ఉన్నాయి, తానుంటే ఏం చేసేవాడో అదే కనిపిస్తోంది. నేర్చిన కోచ్ ఒక్కటే చెబుతాడు: 'వాళ్ల 7వ నంబరు కుడివైపే వెళ్తున్నాడు, ఎడమకు తోయండి.' చెప్పి, పలక మీద ఒక గీత గీసి, ఒక్కడి చేత తిరిగి చెప్పిస్తాడు. మిగతా తప్పులు రేపటి ప్రాక్టీసుకు దాచుకుంటాడు. ఏది చెప్పకూడదో తెలియడమే ఇక్కడి విద్య. ఆటగాడిగా అది అవసరం పడదు కాబట్టి అబ్బదు.

ఇక ఫౌళ్ల లెక్క, మార్పుల లెక్క. ఒక ఆటగాడికి 5 ఫౌళ్లు, జట్టుకు ఒక క్వార్టర్లో 4 దాటితే ప్రత్యర్థికి ఫ్రీ త్రోలు. ఆడేటప్పుడు తన ఫౌళ్లు మాత్రమే గుర్తుండేవాడు ఇప్పుడు పన్నెండుమందివి మనసులో పెట్టుకోవాలి. ఇందులో పాయింట్ గార్డులకు కాస్త ముందుచూపు ఉంటుంది, ఆడేటప్పుడే నలుగురినీ కదిలించడం వాళ్ల పని కాబట్టి. కోచ్‌లుగా మారినవాళ్లలో గార్డులు ఎక్కువగా కనిపించడం యాదృచ్ఛికం కాదు.

ఈ మెట్టు బెజవాడకు కొత్తది కాదు

పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర మంగళంపల్లి బాలమురళీకృష్ణ సంగీతం నేర్చుకున్న ఊరు ఇది. ఆ సంప్రదాయంలో శిష్యుడు పాఠం అయిపోగానే కచేరీ వేదిక ఎక్కడు. గురువు వెనక తంబురా పట్టుకుని కూర్చుంటాడు, మధ్యలో గొంతు కలుపుతాడు, సభ ఎలా ఉందో చూసి గురువు రాగం కుదించడమో పెంచడమో ఎలా చేస్తాడో పక్క నుంచి వింటాడు. ఆ తర్వాత చిన్న పిల్లలకు సరళీ వరసలు చెప్పే పని అతని మీద పడుతుంది. పాడటం, నేర్పడం రెండూ ఒకే ఇంట్లో, ఒకరి నీడలో అలవడతాయి. అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం చేసే పని కూడా అచ్చంగా ఇదే.

మన దగ్గర 'ప్రొఫెషనల్' అంటే

అమెరికా పోలికను ఇక్కడికి తెచ్చేముందు ఒక తేడా చూడాలి. భారత బాస్కెట్‌బాల్‌లో నిలకడైన ప్రొఫెషనల్ లీగ్ చాలాకాలం లేదు. 2015లో యూబీఏ లీగ్ మొదలైంది, అందులో హైదరాబాద్ స్కై అనే జట్టూ ఉండేది. 2017 తర్వాత అది సాగలేదు. 2022లో ఐఎన్‌బీఎల్ అనే ఇంకో లీగ్ వచ్చింది. వీటికి ముందూ తర్వాతా ఆటగాడికి కూడు పెట్టింది సంస్థల జట్లే: రైల్వేస్, సర్వీసెస్, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్, ఆదాయపు పన్ను శాఖ లాంటివి. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం, జట్టుకు ఆట, ఆట అయిపోయాక అదే ఉద్యోగం. అమెరికాలో ముప్పై అయిదేళ్లకు ఆట మానినవాడు ఇంకో పని వెతుక్కోవాలి, కోచింగ్ అందులో ఒకటి. ఇక్కడ ఉద్యోగం దొరికిన మేటి ఆటగాడికి ఆ అవసరమే రాదు. సాయంత్రం రెండు గంటలు కోర్టుకు వస్తే అది ఆట మీద ప్రేమతోనే. ఉద్యోగం దొరకనివాడికి కోచింగే బతుకుతెరువు అవుతుంది. అంటే ఎవరు కోచ్ అవుతారన్నది చాలాసార్లు నేర్పే ఆసక్తి మీద కన్నా, స్పోర్ట్స్ కోటా జాబితాలో పేరు వచ్చిందా లేదా అన్నదాని మీద ఆధారపడుతోంది.

కోచ్ కావాలనుకున్నవాడి ముందు రెండు తలుపులు ఉంటాయి, రెండింటికీ వేర్వేరు తాళాలు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు కావాలంటే బీపీఈడీ లాంటి చదువు ఉండాలి. ఎన్నేళ్లు దేశానికి ఆడినా ఆ పట్టా లేకపోతే పీఈటీ పోస్టుకు పనికిరాడు. స్పోర్ట్స్ అథారిటీ తరహా కోచ్ పోస్టుకైతే పటియాలాలో 1961లో మొదలైన జాతీయ క్రీడా సంస్థ, అందరూ ఎన్ఐఎస్ అని పిలిచే చోటి నుంచి డిప్లొమా అడుగుతారు. అదే సంస్థ ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా నడుపుతుంది. డిప్లొమా ఏడాదిలో శరీర ధర్మాలు, శిక్షణ పద్ధతులు, ఆట మెళకువలు చెబుతారు. మంచి పునాది అది. తిరిగొచ్చాక ఆ చదువును ఎవరి పక్కన నిలబడి సాధన చేయాలన్నదానికే ఏర్పాటు లేదు. పట్టా చేతికొచ్చిన మర్నాటి నుంచే ఒక కోర్టు, ఒక ఈల, నలభైమంది పిల్లలు.

ఖేలో ఇండియా పథకం ఈ ఖాళీలో కొంత పూడ్చింది. జిల్లాల్లోని చిన్న కేంద్రాలకు మాజీ చాంపియన్లనే కోచ్‌లుగా పెట్టి, మొదట ఒకసారి 5 లక్షల రూపాయలు, తర్వాత ఏటా 5 లక్షల వరకు ఇచ్చే ఏర్పాటు అందులో ఉంది. ఆట మానినవారికి గౌరవమైన ఉపాధి ఇది. అయితే ఈ ఏర్పాటు కూడా మాజీ ఆటగాణ్ని నేరుగా పెద్ద కుర్చీలోనే కూర్చోబెడుతోంది.

భారత పురుషుల జట్టు కోచ్‌లను చూస్తే ఈ విషయం ఇంకోవైపు నుంచి తెలుస్తుంది. 2011లో వచ్చిన కెన్నీ నాట్ ఎన్‌బీఏలో కొద్దికాలం ఆడి, ఆ తర్వాత యూటా, క్లీవ్‌లాండ్ జట్లలో ఏళ్ల తరబడి అసిస్టెంట్‌గా ఉన్నవాడు. ఆయన తర్వాత వచ్చిన స్కాట్ ఫ్లెమింగ్ ఎన్‌బీఏ ఆటగాడే కాదు. 2014లో వూహాన్‌లో చైనాను ఓడించిన భారత జట్టు ఆయన తయారుచేసిందే.

ఫీజు లెక్కలో అసిస్టెంట్ ఎందుకు ఇమడడు

ఒక ఊహా లెక్క చూద్దాం. నలభైమంది పిల్లలు, నెలకు తలకు వెయ్యి రూపాయలు అనుకుందాం. నలభై వేలు. అందులో కోర్టు అద్దె, సాయంత్రం లైట్ల కరెంటు, ఏటా అరిగే బంతులు, చిరిగే వలలకు పది పన్నెండు వేలు పోతాయనుకుంటే కోచ్‌కు ఇరవై ఎనిమిది వేలు మిగులుతుంది. అసిస్టెంట్‌కు పన్నెండు వేలిస్తే పదహారు వేలే. సెలవులైపోయి జూన్‌లో సగంమంది పిల్లలు మానేస్తే ఇల్లు గడవదు. అందుకే అసిస్టెంట్ స్థానంలో జీతం లేని ఒక పెద్ద కుర్రాడు నిలబడతాడు, నిన్నటి వరకు అక్కడే ఆడినవాడు. అతనికి ఎవరూ నేర్పడం నేర్పరు. లైను సరిచేయడం, బంతులు ఏరడం అతని పని. నాలుగేళ్ల తర్వాత అతనూ సొంత ఫ్లెక్సీ కడతాడు.

తలసరి ఫీజు మీద నడిచే శిబిరంలో పిల్లల సంఖ్య పెరిగితేనే ఆదాయం, సంఖ్య పెరిగితే ఒక్కో పిల్లవాడికి దొరికే బంతి స్పర్శ తగ్గిపోతుంది. గంటలో నలభైమంది ఒక వరసలో నిలబడి లేఅప్ వేస్తే ఒక్కొక్కరికి ఎన్నిసార్లు వంతు వస్తుందో గడియారం పట్టుకుంటే తెలిసిపోతుంది. దీన్ని కోచ్ స్వభావానికి ముడిపెట్టడం అన్యాయం. లెక్క అలా ఉంది.

పదో తరగతి అనే గోడ

ఎంత మంచి కోచ్ వచ్చినా విజయవాడ, గుంటూరులలో ఒక గోడ ఎదురవుతుంది. అండర్-14లో బాగా ఆడిన పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి సాయంత్రాలు స్టడీ అవర్లకు పోతాయి. ఇంటర్‌లో రెసిడెన్షియల్ కాలేజీలో చేరితే బంతి ముట్టుకునే వీలే ఉండదు. బాస్కెట్‌బాల్‌లో ఒంటి ఎత్తు, బలం, ఆట మీద అవగాహన కలిసివచ్చేది సరిగ్గా ఆ పదిహేను, పదిహేడేళ్ల మధ్యే. రాష్ట్ర స్థాయి ఆట చూసిన మాజీ ఆటగాడికి పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలో తెలుసు, కానీ పిల్లలే మిగలరు.

మిగిలినవారిలో చాలామందిని నిలిపేది సర్టిఫికెట్. రాష్ట్రంలో ఇంజనీరింగ్ ప్రవేశాల్లో అర శాతం సీట్లు క్రీడాకారులకు ఉన్నాయి, ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచారు. ఈ ప్రోత్సాహం అవసరమైనదే. దాని ప్రభావం కోచ్ మీద ఇంకోలా పడుతుంది. తల్లిదండ్రులు అడిగేది 'మావాడికి ఎడమచేతి లేఅప్ వచ్చిందా' అని కాదు, 'ఈ ఏడాది సెలక్షన్స్‌కు వెళ్తాడా' అని. దాంతో ప్రాక్టీసు అంతా వచ్చే నెల టోర్నమెంటు చుట్టూ తిరుగుతుంది. పొడుగ్గా ఉన్నవాణ్ని రింగు కింద నిలబెట్టి బంతి ఇస్తే అండర్-14లో గెలుస్తారు. ఆ పిల్లవాడు డ్రిబుల్ నేర్చుకోకుండానే పెరుగుతాడు, అండర్-19కి వచ్చేసరికి తనకన్నా పొడుగువాళ్లు ఎదురై ఆట ఆగిపోతుంది. గెలుపు కోరే మాజీ ఆటగాడి స్వభావం, సర్టిఫికెట్ కోరే తల్లిదండ్రుల ఆరాటం కలిస్తే నష్టపోయేది ఆ పొడుగు పిల్లవాడే.

గోపీచంద్ ఉదాహరణ ఎంతవరకు

ఆటగాడు కోచ్ కావడం అనగానే తెలుగువారికి మొదట గుర్తొచ్చే పేరు పుల్లెల గోపీచంద్. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు, తర్వాత జాతీయ కోచ్ అయ్యాడు, హైదరాబాద్‌లో అకాడమీ పెట్టాడు. సైనా 2012 ఒలింపిక్ కాంస్యం, సింధు 2016 రజతం, 2017లో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచిన గుంటూరు కుర్రాడు కిదాంబి శ్రీకాంత్, అందరూ ఆ నీడలో పెరిగినవారే. గొప్ప ఆటగాడు గొప్ప కోచ్ అవుతాడనడానికి ఇంతకన్నా రుజువేం కావాలని అనిపిస్తుంది.

ఆ రుజువును దగ్గరగా చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. గోపీచంద్ ఒంటరిగా పనిచేయలేదు. ఇండోనేషియా నుంచి ముల్యో హండోయో, కొరియా నుంచి కిమ్ జీ హ్యూన్ లాంటి కోచ్‌లు ఆయా కాలాల్లో మన క్రీడాకారులతో పనిచేశారు. పైగా షటిల్‌లో నెట్‌కు అవతల నిలబడి శిష్యుడితో ఆడుతూ నేర్పవచ్చు. కోచ్ ఒంట్లో ఉన్న విద్య నేరుగా రాకెట్ మీద నుంచి అవతలికి చేరుతుంది. బాస్కెట్‌బాల్‌లో అయిదుగురి మధ్య దూరాలు, కదలికల వేళలు నేర్పాలి. ఒక్కడు చూపించి నేర్పగలిగేది కాదది. కాబట్టి ఆ ఉదాహరణ నుంచి తీసుకోవాల్సింది చాంపియన్ పేరు ఒక్కటే కాదు, ఆయన చుట్టూ ఉన్న కోచ్‌ల బృందాన్ని కూడా.

ఆడపిల్లల కోర్టులో

మాజీ క్రీడాకారిణులు కోచింగ్‌లోకి రావడం మన దగ్గర ఇంకా తక్కువ. ఆట మానే వయసు, పెళ్లి, బదిలీ ఒకేసారి వస్తాయి. మహిళా కోచ్ ఉన్న శిబిరానికి తల్లిదండ్రులు ఆడపిల్లల్ని నిశ్చింతగా పంపుతారు, పెద్ద తరగతులకు వచ్చాక కూడా మానిపించరు. మహిళల లీగ్‌లో ఆడిన బెకీ హామన్ 2014లో శాన్ ఆంటోనియో స్పర్స్ పురుషుల జట్టులో జీతానికి పూర్తికాలపు అసిస్టెంట్‌గా చేరింది. అక్కడ ఎనిమిది సీజన్లు పనిచేసి 2022లో లాస్ వెగాస్ ఏసెస్ అనే మహిళల జట్టుకు హెడ్ కోచ్ అయింది. ఆ ఏడాదే టైటిల్, మరుసటి ఏడాది ఇంకోటి. ఆమెకు ఆ ఎనిమిదేళ్ల జీతం ఎవరో ఇచ్చారు. ఇక్కడ ఒక మాజీ క్రీడాకారిణికి రెండేళ్ల జీతం ఇచ్చి ఒక సీనియర్ కోచ్ పక్కన నిలబెట్టగలిగితే ఎంతమంది ఆడపిల్లలు కోర్టులో మిగులుతారో ఊహించడం కష్టం కాదు.

ఇక ముందు

ఈ రెండు ఊళ్లకు ఉన్న అనుకూలతలు తక్కువేం కాదు. విజయవాడలో మున్సిపల్ స్టేడియం, ఆంధ్ర లయోలా లాంటి విశాలమైన మైదానాలున్న కళాశాలలు, గుంటూరులో బ్రహ్మానందరెడ్డి స్టేడియం, మధ్యలో వ్యాయామ విద్య కళాశాల ఉన్న నాగార్జున విశ్వవిద్యాలయం. ఆ కళాశాలలో చదివే విద్యార్థులకు బోధన సాధన చేయించడం చదువులో భాగమే. వాళ్లలో బాస్కెట్‌బాల్ ఆడినవారిని ఒక సీజన్ పాటు నగరంలోని అనుభవజ్ఞులైన కోచ్‌ల పక్కన నిలబెడితే జీతం ఖర్చు లేకుండానే అసిస్టెంట్ మెట్టు ఏర్పడుతుంది. డిప్లొమా చేసి వచ్చిన మాజీ ఆటగాడికి తొలి రెండేళ్లు చిన్న గౌరవ వేతనంతో అసిస్టెంట్ హోదా ఇవ్వడం క్రీడా సంస్థలు తలచుకుంటే చేయగలిగిన పని. ఇవేవీ జరగకపోతే నేటి తీరే సాగుతుంది: కొందరు పుట్టుకతోనే నేర్పే గుణం ఉన్నవారు కాబట్టి రాణిస్తారు, మిగతావారు మూడు నాలుగు బ్యాచ్‌ల పిల్లల మీద ప్రయోగాలు చేసి నేర్చుకుంటారు, ఇంకొందరు మోకాళ్లు అరిగిపోయి మానుకుంటారు. సిమెంటు కోర్టు మీద రోజూ చూపించి నేర్పేవాడి మోకాలు ఎక్కువకాలం నిలవదు.

తల్లిదండ్రులు చేయగలిగింది చిన్నదే. ఫ్లెక్సీ చదివాక, ఫీజు కట్టేముందు ఒక ఉదయం ఆరింటికి కోర్టు పక్కన గంటసేపు కూర్చోవచ్చు. మీ పిల్లవాడి వయసున్న ఒక్కణ్ని ఎంచుకుని, ఆ గంటలో బంతి అతని చేతికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టవచ్చు. తప్పు చేసినప్పుడు కోచ్ మళ్లీ వేసి చూపిస్తున్నాడా, అడుగు ఎక్కడ తప్పిందో ఆపి చెబుతున్నాడా, బుడతలకు రింగు దించారా, కనీసం చిన్న బంతి ఇచ్చారా చూడవచ్చు. కోర్టు అంతటికీ ఎన్ని ఈలలు వినిపిస్తున్నాయో కూడా. రెండో ఈల వినిపిస్తే, అది పట్టుకున్న మనిషి దగ్గరికి పెద్ద కోచ్ మధ్యలో ఒకసారైనా వచ్చి ఏదో చెప్పి వెళ్తున్నాడేమో గమనించండి.